పాత కథాలోకానికి కొత్త సున్నం
(ఉగాది ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగపాఠం)



పంచాంగశ్రవణం అయింది, కవిసమ్మేళనం అయింది. ఇప్పుడు ఆటల గురించి ప్రసంగమేమిటని కొందరు పెద్దలు మొహం చిట్లించటం మాకు ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. మేమంటే ఒక సంఘం కాదు, సంస్థా కాదు. వారాంతంలో ఒక బల్లచుట్టూ చేరి, పిల్లలతో కలిసి కథలాట ఆడుకునే నాలుగైదు కుటుంబాలవాళ్ళం. ఈ ఆటకోసం మన పాత కథాలోకం ఒకదాన్ని బాగుచేయబోయి కొన్ని చిక్కుల్లో పడ్డాము. ఆ చిక్కులు మా ఇంటివే కావనీ, తెలుగుదేశం వదిలి వచ్చిన ప్రతి ఇంటివీ అనీ తోచి మీ ముందు పెడుతున్నాము. కార్యదర్శిగారు పది నిమిషాలన్నారు. ఇరవై అవుతుంది, మన్నించాలి.

ముందు ఆట సంగతి. అమెరికాలో 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను అచ్చువేశారు. చదరంగంలా గళ్ళు ఉండి తీరాలన్న నియమం లేదు. ఒకరు కథ చెబుతారు, తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర. ‘మీ ముందు పాడుబడ్డ కోట ఉంది, తలుపు ఓరగా తెరిచి ఉంది, లోపలినుంచి ఏదో మూలుగు వినిపిస్తున్నది, ఏం చేస్తారు?’ అని కథకుడు అడుగుతాడు. చెప్పేదంతా నోటితోనే. చేసిన పని ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. బుర్రకథ చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కథకుడికి ఇటూ అటూ ఇద్దరు వంతలుంటారు కదా, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్ళు ‘అయితే అప్పుడేమైంది?’ అని అడగటం మాని, ‘అప్పుడు నేనీ పని చేశాను’ అంటే ఎలా ఉంటుందో ఈ ఆట అలా ఉంటుంది.

ఇలాంటి ఆట ఏళ్ళ తరబడి సాగాలంటే దానికొక లోకం కావాలి. ఊళ్ళు, రాజులు, దేవుళ్ళు, దారులు, పాత పగలు, అన్నీ ఉండాలి. కెనడాకు చెందిన ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నతనంలో, 1960లలో, తన సరదాకు అల్లుకున్న లోకం 1987లో ‘ఫర్గాటెన్ రెల్మ్స్’ అన్న పేరుతో ఈ ఆటకు పెద్ద వేదిక అయింది. నవలలు వచ్చాయి, పటాలు వచ్చాయి. లోకం ఎంత నిండిపోయిందంటే కొత్తగా వచ్చినవాడికి కాలు పెట్టేచోటు లేకపోయింది. అప్పుడు కంపెనీవారు ఒక ఉపాయం పన్నారు. 2008లో కథాకాలాన్ని సుమారు నూరేళ్ళు ముందుకు జరిపి, మధ్యలో ఒక మహోపద్రవం తెచ్చిపెట్టి, దేవుళ్ళను కొందరిని చంపి, దేశాలను కొన్నిటిని మాయంచేశారు. పాత ఆటగాళ్ళు భగ్గుమన్నారు. తాము ఇరవై ఏళ్ళు తిరిగిన వీధులు లేవు, ఎరిగిన మనుషులు లేరు. చివరకు 2014లో మరో సంచలనం పేరు చెప్పి, పోయినవాటిలో చాలావాటిని తిరిగి తెచ్చారు. ఇంటికి సున్నం వేయమంటే గోడలు పడగొట్టినట్టయింది.

అంత దూరం పోనక్కరలేదు. మన పాసిర్ పంజాంగ్ రోడ్డులో హా పార్ విల్లా ఉంది. టైగర్ బామ్ వ్యాపారి ఆ బూన్ హా 1937లో కట్టించి, జనానికి ఉచితంగా చూడనిచ్చిన తోట అది. చైనా పురాణగాథల బొమ్మలు, పశ్చిమయాత్ర చేసిన కోతిరాజు, పది నరకన్యాయస్థానాలు. మన యమధర్మరాజే బౌద్ధంతోపాటు చైనా చేరి, పేరు కాస్త మార్చుకుని అక్కడ తీర్పులు చెబుతుంటాడు. దానికి ఆధునికత తేవాలని 1990లో ‘డ్రాగన్ వరల్డ్’ అని పేరుపెట్టి, టిక్కెట్టు పెట్టి, నరకంలోకి పడవ షికారు ఏర్పాటుచేశారు. నష్టాలు తప్ప మిగలలేదు. 2001కల్లా మళ్ళీ ఉచితం. ఇప్పుడు తోట ఉచితమే. 2021లో తెరిచిన నరకం మ్యూజియానికి మట్టుకు టిక్కెట్టు. నరకానికి డబ్బు కట్టి పోవలసిన ఊరు ఇదొక్కటే కాబోలు.

అయితే మార్పు అనేదే తప్పని మేము అనటం లేదు. మార్చక తప్పని ఉదాహరణ ఒకటి మనకు సంబంధించినదే ఉంది. 1977లో వచ్చిన ఈ ఆట రాక్షసకోశంలో ‘రాక్షస’ అనే జీవి కనిపిస్తుంది. ఎలా ఉంటుందనుకుంటున్నారు? పులితల, ఒంటిమీద దొరలు తొడిగే అంగరఖా, నోట్లో పొగగొట్టం. మంత్రించిన బాణంతో కొడితే చస్తుంది. ఈ చావు వివరం 1974లో అమెరికా టెలివిజన్‌లో వచ్చిన ఒక భయానక కథనుంచి వచ్చిందంటారు. మాయాబజారులో ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుణ్ణి చూసి పెరిగినవాడికి ఈ పులిని చూపించి ‘ఇదే రాక్షసుడు’ అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తరువాత 1990లలో ‘రేవెన్‌లాఫ్ట్’ అనే భయానకలోకంలో భారతదేశపు పోలికతో ఒక సీమను కల్పించి ‘శ్రీ రాజి’ అని పేరుపెట్టారు. మన పక్కవీధి రాజేశ్వరికి ముద్దుపేరులా ఉంది కదూ! అడవులు, క్రూరత్వం, దాన్నేలే అరిజాని అనే రాక్షసుడు. ఆ సీమలో సంత చేసుకునే మనిషి, పెళ్ళి చేసుకునే మనిషి కనిపించడు.

2021లో ఆ రేవెన్‌లాఫ్ట్ లోకాన్ని తిరగరాసినప్పుడు, ఈ సీమను భారతసంతతివాడైన అజిత్ జార్జ్ చేతికిచ్చారు. ఆయన దాన్ని ‘కాలకేరి’గా మార్చాడు. అరిజాని పోలేదు, ఉన్నాడు. కాని ఇప్పుడు అతడు సింహాసనంకోసం కొట్లాడే ముగ్గురు తోబుట్టువులలో ఒకడు. చచ్చి తిరిగి లేచిన మహారాణి రమ్య ఒకవైపు, ఆమెను ద్రోహంతో చంపిన తోడబుట్టినవాళ్ళు మరోవైపు. దాయాదిపోరు! మహాభారతం విన్నవాళ్ళకు ఇక వేరే చెప్పాలా? పాత ఆటగాడికి ఎరిగిన పేరు మిగిలింది. కొత్త ఆటగాడికి, అందులోనూ మన పిల్లలకు, ఇదేదో మావాళ్ళ కథలా ఉందే అనిపించే పోలిక దొరికింది. ఒక్క గోడ పడలేదు, ఇంట్లోకి మనుషులు వచ్చారు.

అదే కంపెనీ 2024లో నియమాల పుస్తకాలను సరికొత్తగా వేస్తూ, ‘జాతి’ అన్న మాట తీసివేసింది. ఎవరి బలాబలాలకు అదనం పుట్టుకనుబట్టి కాక, పెరిగిన తీరునుబట్టి వస్తుందని మార్చింది. ఇది వినగానే మాలో ఒకాయన ‘ఇదంతా మనం ఏనాడో చెప్పాం, ప్రహ్లాదుడు లేడా, విభీషణుడు లేడా?’ అని ఎగిరి గంతేశారు. అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయష అన్న పాత మాట అప్పుడు గుర్తుకొచ్చింది. విభీషణుడు ఉన్నమాట నిజమే. కాని మనం చిన్నప్పుడు చదివిన అద్భుతకథల్లో అడవిలో ఉండేవాళ్ళంతా నరబలి ఇచ్చే మొద్దులుగానే కనిపించేవారు. రాజకుమారుడు ఎప్పుడూ తెల్లగా, సన్నగానే ఉండేవాడు. అది కూడా ఒప్పుకోవాలి.

మన కథకులు లోకాలను ఎలా కొత్తచేశారో చూద్దాం. బేతాళకథలు అసలు ఇరవై అయిదు. చందమామ పత్రిక ఆ చెట్టు, ఆ శవం, ఆ మౌనభంగం, ఈ మూడింటినీ కదపకుండా ఉంచి, మధ్యలో కొత్త కథలు పెట్టుకుంటూ దశాబ్దాలు నడిపింది. మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీమజిలీ కథలలో గురుశిష్యులను కాశీకి నడిపిస్తూ, మజిలీకొక కథ చెప్పించారు. మా ఆటలో వారానికొక కూర్చోటం ఉంటుంది చూశారా, దానికి మేము పెట్టుకున్న పేరు ‘మజిలీ’. ఆ కథల్లోంచే 1951లో పాతాళభైరవి సినిమా పుట్టింది. ఇక దాసరి సుబ్రహ్మణ్యంగారు చందమామలో రాసిన తోకచుక్క, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి సీరియళ్ళు, చిత్రా బొమ్మలతో, ఈ అమెరికా ఆట పుట్టకముందే మనకు అలాంటి లోకాన్ని కట్టి ఇచ్చాయి. అన్నిటికన్న గొప్ప పాఠం తోలుబొమ్మలాటది. రాముడు, సీత, రావణుడు మారరు. కేతిగాడు, బంగారక్క మాత్రం ఏ ఊరు పోతే ఆ ఊరి కరణంమీద, ఆ ఏటి ధరలమీద మాట్లాడతారు. ఏది కదలకూడదో, ఏది కదలాలో ఆ బొమ్మలాడించేవారికి చదువులేకుండానే తెలుసు.

దీనికి తిరుగుడు ఉదాహరణ వైకుంఠపాళి. అది ఇంగ్లండు చేరి, గళ్ళలోని పాపపుణ్యాల పేర్లు రాలిపోయి, ఒట్టి పాములూ నిచ్చెనలూ అయి మిగిలింది. 1943లో అమెరికావారు పాములను కూడా తీసి జారుడుబల్లలు పెట్టారు. ఆట బతికింది, లోకం పోయింది.

సరే, మా చిక్కు. మేము ఎంచుకున్న కథ బాలనాగమ్మ. పెద్దలందరికీ తెలిసినదే. భర్త కార్యవర్ధిరాజు యుద్ధానికి పోగా, బిచ్చానికి వచ్చిన మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కను చేసి తీసుకుపోవటం, వెంటవచ్చినవాళ్ళను రాళ్ళను చేయటం, నోము నెపంతో ఆమె గడువు పెట్టి నెట్టుకురావటం, కొడుకు బాలవర్ధిరాజు పెరిగి, ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్న ఫకీరు ప్రాణాన్ని పట్టటం. ఆటకు ఇంతకంటే ఏం కావాలి? కోట ఉంది, గడువు ఉంది, రహస్యం ఉంది, ప్రయాణం ఉంది.

మొదటి చిక్కు ఆడపిల్లలు తెచ్చారు. కథలో కొడుకు తిరుగుతాడు, తల్లి కూచుంటుంది. ‘మేమేం చెయ్యాలి?’ అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. కథను మార్చకుండానే జవాబు దొరికింది. బాలనాగమ్మ కూచోలేదు. ఏళ్ళ తరబడి ఒక మాంత్రికుణ్ణి మాటలతో ఆపింది. ప్రాణం ఎక్కడ దాచాడో అతని నోటనే చెప్పించింది. అంచేత మేము కథను కోట లోపలినుంచి మొదలుపెట్టాము. ఒక అమ్మాయి బాలనాగమ్మ, ఒకతె వంటమనిషి, ఇంకొకతె ఫకీరు ఉంపుడుకత్తె సంగు. ఆ సంగు పాత్రను తీసుకున్న పిల్ల ఎవరి పక్షమో మూడు మజిలీల దాకా మాకెవరికీ తేల్చి చెప్పలేదు. 1942లో జెమినీవారి బాలనాగమ్మలో పుష్పవల్లి వేసిన పాత్ర అదే. ఇంతకాలం దుష్టపాత్రగా పక్కన పెట్టిన మనిషికి ఇంత కథ ఉందని ఆ పదమూడేళ్ళ పిల్ల వల్ల తెలిసింది.

రెండోది గడ్డు చిక్కు. మా అంతస్తులోనే ఉండే మలయ్ కుటుంబంలోని కుర్రాడొకడు ఆటకు వస్తుంటాడు. సగం తెలుగు, సగం ఇంగ్లీషుతో కథ సాగుతుంటుంది. ఫకీరు అనగానే వాడు తలెత్తి చూశాడు. ఆ మాట వాడికీ తెలుసు. వాడి తాతకు ఆ మాటమీద గౌరవం. మన కథలో దుష్టుడికి అదే పేరు. ఇలాంటి ఊళ్ళో, గోడకు గోడ ఆనుకుని బతికేచోట, పదేళ్ళ పిల్లవాడు ఏమనుకుంటూ ఇంటికి పోతాడన్నది చిన్న విషయం కాదు.

మాలో మేము రెండు వారాలు వాదించుకున్నాము. పేరు తీసేయమని ఒకరు. ఫకీరును తీసేస్తే బాలనాగమ్మ కథే కాదని ఒకరు. సినిమాలో ‘మాయల మరాఠీ’ కదా, అది వాడదామని ఇంకొకరు. గోవిందరాజుల సుబ్బారావుగారి పాత్ర పేరు నిజంగా అదే. కాని పై అంతస్తులో మహారాష్ట్రులున్నారే! పొరుగువాడెవడో చూసి వాడిమీద మాయ రుద్దటం మనవాళ్ళకు పాత అలవాటని అప్పుడు తెలిసింది. మరోవైపు, బుర్రకథకు పితామహుడనిపించుకున్న షేక్ నాజర్‌గారు ఎవరు? మన కథలను మోసిన భుజాల్లో ముస్లిముల భుజాలూ ఉన్నాయి.

జవాబు మళ్ళీ కథలోనే దొరికింది. అతడు బాలనాగమ్మ గుమ్మంలోకి బిచ్చగాడుగా వచ్చాడు. రావణుడు సీత దగ్గరకు సన్యాసిగా వచ్చాడు. రావణుణ్ణి చూసి సన్యాసులంతా దొంగలని ఎవరూ అనలేదు, అది వేషమని అందరికీ తెలుసు. అయితే ఫకీరూ వేషమే! ఇప్పుడు మా లోకంలో దుష్టుడి పేరు ‘మాయలవాడు’. ఏ ఊరు పోతే ఆ ఊళ్ళో జనం ఎవరిని నమ్ముతారో వాళ్ళ బట్టలు తొడుక్కుంటాడు. ఒకచోట జంగమయ్య, ఒకచోట ఫకీరు, రేవులో పెద్దషావుకారు. వాడు బట్టలు దొంగిలించిన అసలు ఫకీరు కూడా కథలో ఉన్నాడు, తన పేరు పాడుచేసినవాణ్ణి వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. ఆ పాత్ర ఎవరు తీసుకున్నారో చెప్పనక్కరలేదు. ‘ఇప్పుడు వాడు ఇక్కడికొస్తే ఏ వేషంలో వస్తాడు?’ అని పిల్లల్ని అడిగితే, ఆలోచించనైనా ఆలోచించకుండా ‘బ్యాంకునుంచి ఫోన్ చేసే అంకుల్!’ అన్నారు. పోలీసులమని, బ్యాంకువాళ్ళమని ఫోన్లు చేసి జనం డబ్బు కాజేసే మోసగాళ్ళ గురించి ఈ ఊళ్ళో బడిపిల్లలకు కూడా పాఠాలు చెబుతారు మరి. ఈ ఒక్క మార్పును గురించి మాత్రం మేము కాస్త గర్వపడుతున్నామని మనవి చేస్తున్నాము.

మూడోది తమాషా చిక్కు. ‘ఏడు సముద్రాల అవతల’ అని చెప్పగానే ఒక పిల్లవాడు, ‘అంటే ఇక్కడేనా?’ అన్నాడు. నిజమే! బందరులో కూచుని చెబితే ఆ దీవి సింగపూరే. అప్పుడు పాత పుస్తకాలు తిరగేశాము. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు స్వాధీనం చేసుకోడనీ, సుంకం మాత్రమే తీసుకుంటామనీ విదేశీ వర్తకులకు అందులో హామీ ఇచ్చాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, ఇలా సుంకాల పట్టిక కూడా ఉంది. ఇటువైపు మలయ్ గ్రంథం సెజారా మెలాయులో బదాంగ్ అనే బలశాలి కథ ఉంది. తన వలలో చేపలు దొంగిలించిన భూతాన్ని పట్టుకుని, దాని వాంతి తిని మహాబలం సంపాదించాడు. అతని పేరు విని కళింగదేశపు రాజు తన మల్లుణ్ణి ఏడు ఓడలతో సింగపూరు పంపాడట. పందెం ఆ ఏడు ఓడలే. బదాంగ్ పెద్ద బండనెత్తి నదీముఖంలోకి విసిరాడు. మనవాడు ఓడిపోయాడు. ఆ నదీముఖంలో ఉన్న శాసనశిలకూ ఈ కథకూ జనం ముడివేశారు. 1843లో దాన్ని పేల్చివేశారు, ఒక ముక్క నేషనల్ మ్యూజియంలో ఉంది. మా పిల్లలను తీసుకుపోయి చూపించాము.

కళింగం అన్నప్పుడు ఆ గ్రంథకర్త మనసులో ఏ రేవు ఉందన్న వాదంలోకి మేము దిగము. ఓడిపోయిన ఆ ఏడు ఓడలవాళ్ళు ఇంటికెలా పోయారన్నదే మాకు కావలసింది. పుస్తకం ఆ సంగతి పట్టించుకోలేదు. మా ఆట అక్కడ మొదలవుతుంది. ఓడలు లేవు, రాజుకు మొహం చూపించలేరు, భాష రాదు, ఎదురుగా కొత్త ఊరు. చిలుక ఉన్న దీవి ఇటువైపే ఎక్కడో ఉందని వదంతి. అటునుంచి బాలవర్ధిరాజు మోటుపల్లిలో ఓడ ఎక్కుతున్నాడు. బదాంగ్ పాత్ర మలయ్ కుర్రాడిదే. కళింగమల్లుడు మా అబ్బాయి. ఇద్దరూ ఇప్పుడు స్నేహితులు, పందెం సంగతి ఎత్తితే మాత్రం కొట్టుకుంటారు.

ఇక దేవుళ్ళ విషయం. 1980లో ఈ ఆటకు వచ్చిన ఒక పుస్తకంలో ఇంద్రుడు, అగ్ని, విష్ణువు వగైరాలందరికీ బలానికి ఇన్ని అంకెలు, ప్రాణానికి ఇన్ని అంకెలు అని పట్టీలు వేశారు. అంకె ఉన్నదంటే దాన్ని సున్న చేయవచ్చని ఆటగాడికి ఆశ పుడుతుంది. మా బల్లమీద దేవుళ్ళకు అంకెలు లేవు. తోలుబొమ్మలాటలోలాగ మొదట ఒక ప్రార్థన, అంతే. యముడికి మాత్రం మినహాయింపు ఇచ్చాము. దేవాంతకుడు, యమగోల చూసి కడుపుబ్బ నవ్విన జాతికి ఆయన విషయంలో కొత్తగా భక్తి నటించటం బాగుండదు.

ఇంత తాపత్రయం ఎందుకని అడగవచ్చు. ఇక్కడి బడుల్లో తమిళం ఉంది. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ నేర్చుకునే వీలుంది. తెలుగు లేదు. 1975లో సింగపూర్ తెలుగు సమాజం వెలిసిన నాటినుంచి పెద్దలు చేస్తున్న కృషి మీకు తెలుసు. ఇంట్లో మన పిల్లల తెలుగు ఎలా ఉంటుంది? ‘అన్నం తిన్నావా’ అంటే ‘ఆఁ’. ‘హోంవర్క్ అయిందా’ అంటే ‘ఊఁ’. అవసరమైన మాటలు నాలుగే. ఆటలో అలా కుదరదు. ‘గోడ దూకుతాను’, ‘దూకినట్టు నటిస్తాను’, ‘వాడు దూకకపోతే అప్పుడు దూకుతాను’ అని స్పష్టంగా చెప్పకపోతే కథకుడు ఒప్పుకోడు. తెలుగులో చెప్పినవాడికి పాచిక రెండోసారి వేసే అవకాశం. ఇరవై పడితే బల్లంతా ‘పండింది!’ అని అరుస్తుంది. ఆ మాట నేర్పాలని మేము అనుకోలేదు, మాలో ఒకామె పచ్చీసు ఆడినప్పటి అలవాటుకొద్దీ అంటే పిల్లలు పట్టేశారు. మలయ్ కుర్రాడు ఇప్పుడు తన ఇంట్లో లూడో ఆడుతూ అదే అంటున్నాడట.

అన్ని చిక్కులూ తీరలేదు. చిలుకను చంపటం దగ్గర కథ ఆగి ఉంది. ప్రాణం చిలుకలో ఉందంటే, చిలుక చేసిన పాపం ఏమిటని చిన్నపిల్లలు పట్టుబట్టారు. కాలు విరిస్తే వాడి కాలు విరుగుతుంది, మెడ నులిమితే వాడు చస్తాడు, కథ అంతే. దానికి బదులు ప్రాణాన్ని చిలుకలోంచి మరోచోటికి తప్పించే దారి వెతకాలని వాళ్ళ పట్టు. అలా చేస్తే కథ గోడ కూలుతుందా, సున్నం మాత్రమే మారుతుందా అన్నది మాకు తేలటం లేదు.

అంచేత ఒక విన్నపం. బాలనాగమ్మను మీ ఊళ్ళో జంగాలు ఒకలా, మీ అమ్మమ్మ ఒకలా చెప్పి ఉంటారు. చిలుక దగ్గర వాళ్ళు ఏమన్నారో, పంజరం ఎక్కడ ఉందన్నారో, దానికి కాపలా ఎవరన్నారో గుర్తున్నవాళ్ళు భోజనాల దగ్గర మమ్మల్ని కలుసుకోండి. మేము కాగితం, కలం పట్టుకుని చేతులు కడుక్కునే చోట నిలబడి ఉంటాము.